పట్టుదారం, పురికొస

ఫాదర్ ఆగపీతో ధర్మాత్ముడని మోంతెసాల్వోలో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కరువొచ్చిన ఏడు గుడి గాదె తెరిచాడని, ప్లేగొచ్చిన ఏడు అందరు గురువుల్లా కొండెక్కి పారిపోకుండా ఊళ్లోనే ఉన్నాడని చెప్తారు. ఉన్నమాట నిజమే. ఊళ్లో ఉండి ఏ ఇంట్లో మగదిక్కు పోయిందో, ఏ ఇంట్లో కాగితం ముక్క మిగల్లేదో దగ్గరుండి చూసుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోసే మనిషి. కోయించుకునేవాడికి కూడా కాసేపు చల్లగానే ఉంటుంది.

వెనాంజియో తండ్రి బతికున్నన్నాళ్లూ ఈ ఆగపీతోని తన కంచంలో పెట్టుకుని తిన్నాడు. సిల్వియాను అనే పునీతుడి గుడి కింద ఉన్న నేల ఆ కుటుంబానికి మూడు తరాల కౌలు. తాతది ఒక తరం, తండ్రిది ఒకటి, కొడుకులది ఒకటి. శిస్తు డబ్బు కాదు. ఏటా చలికాలంలో కొవ్వొత్తుల పండుగ నాడు రెండు పౌండ్ల మైనం గుడికి తెచ్చివ్వాలి, అంతే. ఆ మైనం అందుకునేది ఆగపీతో. ఒక ఏడు రసీదు అడిగితే, ‘మన మధ్య కాగితాలేంటి పెద్దాయనా, పైన దేవుడు చూట్టంలేదా’ అని వీపు తట్టాడట. తాతనాటి కౌలు పత్రం సైనికులు ఊరు తగలబెట్టినప్పుడే బూడిదైపోయింది. ఆ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. అందరికన్నా బాగా ఆగపీతోకి తెలుసు.

ఇంటికి పెద్దకొడుకు వెనాంజియో. ఇరవయ్యో ఏట మఠంలో చేరాడు. గురుపట్టం కోసం కాదు, గేదెలు కాయడానికి, గానుగ ఆడించడానికి చేరే గడ్డం బ్రదర్లలో ఒకడిగా. చిన్నప్పుడు ఊరి గురువు దగ్గర పదకొండు రోజులు చదువుకు వెళ్లాడు. పన్నెండో రోజు మేకలమంద తోలేవాడు లేక తండ్రి మాన్పించాడు. ఆ పదకొండు రోజుల్లో వచ్చిన అక్షరాలు ఆరు నెలల్లో ఎగిరిపోయాయి. ఎగిరిపోవడమే అతనికి అన్నం పెట్టింది.

రోములో పోపుగారి పత్రాలకు సీసపు ముద్ర వేసే పని చదువు రానివాళ్లకే ఇస్తారు. చదువొచ్చినవాడు చదువుతాడు, చదివినవాడు అమ్ముకుంటాడు. అందుకని మఠం నుంచి అక్షరం ముక్క రాని బ్రదర్లిద్దరిని ఏరి పంపించమంటారు. వెనాంజియోని పంపించినప్పుడు లోపల ఒక గదిలో నిలబెట్టి, చేతికో తోలు కాగితం ఇచ్చి, ముగ్గురు అతని మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ కాగితంలో వాళ్లమ్మ చచ్చిపోయిందని వాళ్ల ఊరి యాసలోనే రాసుందని అతనికి తర్వాత ఎప్పుడో చెప్పారు. వాళ్లమ్మ అప్పటికి నిక్షేపంలా ఉంది. అతను కాగితం అటూ ఇటూ తిప్పి, తోలు మంచిదేనండి, మేకపిల్లది అన్నాడు. వాళ్లు నవ్వి సువార్త గ్రంథం మీద ప్రమాణం చేయించారు. ఏ పత్రాన్నీ ఆపను, ఏ పత్రాన్నీ బయటివాడికి చూపించను, ఒకరిది ముందు ఒకరిది వెనక చెయ్యను. తప్పితే వెలి. పైగా కుడిచెయ్యి తీసేస్తారు.

అప్పటినుంచి ఇరవై రెండేళ్లు సీసపు గదిలోనే. పొద్దునే మూసలో సీసం కరగాలి. బిళ్లలు పోసి, చల్లారకముందే బిళ్ల కడుపులోంచి దారం రెండు కొసలూ దూర్చి, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో దెబ్బ వెయ్యాలి. ఒక అచ్చు మీద పేతురు, పౌలు పునీతుల తలలు. రెండో అచ్చు మీద అప్పటి పోపుగారి పేరు. పేతురు తల చుట్టూ ఎన్ని చుక్కలో, పౌలు గడ్డంలో ఎన్ని పోచలో వెనాంజియో కళ్లు మూసుకుని చెప్పగలడు. దొంగ ముద్రలు పట్టుకోవడానికి అతన్నే పిలుస్తారు. రెండో అచ్చు మీద ఉన్న పేరు మాత్రం అతనికి గీతలే. పోపుగారు పోయి కొత్తవారొచ్చినప్పుడల్లా గీతలు మారతాయి, తలలు మారవు.

తోడు పనిచేసే బ్రదర్ గ్వాల్తియేరోకి అరవై దాటాయి. సుత్తి మోతకి ఒక చెవి పోయింది. రెండో చెవి తనకు కావలసినప్పుడు మాత్రం వినపడుతుంది. “చదువుకున్నవాళ్లకి నల్ల రొట్టె, మనకి తెల్ల రొట్టె. గాడిదగా పుట్టడం కూడా ఒక అదృష్టమేరా వెనాంజియో” అని రోజుకొకసారి అనడం అతనికి అలవాటు.

ఆ ఏడు ఆగస్టులో పోపుగారు జ్వరంతో మంచం పట్టారు. రోములో ఆ నెలలో పట్టిన జ్వరం ఎనభై ఏళ్ల మనిషిని వదిలిపెట్టిన దాఖలా లేదు. ఆ కబురు బయటికి పొక్కగానే నది వంతెన మీద నడవడానికి చోటు లేకుండా పోయింది. అర్జీలు పెట్టుకున్నవాళ్లంతా పరుగో పరుగు. ఎందుకంటే పోపుగారు కన్నుమూసిన గంటలో పేరున్న అచ్చు పగలగొడతారు. అప్పటికి ముద్ర పడిన పత్రం పత్రం. పడనిది, ఎంత అందంగా రాసినా, పొయ్యిలోకి కూడా పనికిరాదు. తోలు సరిగ్గా మండదు.

సోమవారం పొద్దున పనిలోకి వెళ్తుంటే మెట్ల దగ్గర తమ్ముడు తంక్రేది కూర్చుని ఉన్నాడు. మూడు రోజులు నడిచి వచ్చాడు. కాళ్లకు గుడ్డలు చుట్టుకుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. వెనాంజియో లేపి తన రొట్టెలో సగం తుంచిచ్చాడు. తంక్రేది అది చేతిలో పట్టుకునే సంగతి చెప్పుకొచ్చాడు. సిల్వియాను గుడిని, దాని కింద నేలనంతా తన గురుపీఠంలో కలిపేయమని ఆగపీతో పోపుగారికి అర్జీ పెట్టుకున్నాడు. కౌలుదారులు పన్నెండేళ్లుగా మైనం ఇవ్వట్లేదు కాబట్టి కౌలు రద్దైపోయిందని రాయించాడు. ఊళ్లో ఇద్దరు సాక్షులు కూడా దొరికారు, ఇద్దరూ కరువులో అతని గాదె గింజలు తిన్నవాళ్లే. అర్జీ మంజూరైంది. ఆగపీతో తరఫున రోములో తిరిగే మనిషి పోయిన వారం ఊరొచ్చి, పత్రం రాయడం కూడా అయిపోయింది, సీసం కిందికి వెళ్లిపోయింది అని సత్రంలో గొప్పలు చెప్పాడట.

“సీసం కిందికి అంటే నీ దగ్గరికే కదన్నా,” అన్నాడు తంక్రేది. “నీ బల్ల మీదికే కదా.”

అవునని వెనాంజియో ఒప్పుకున్నాడు.

“అయితే వెయ్యకు.”

“ఏది మనదో నాకెలా తెలుస్తుందిరా? నాకేమన్నా చదువొచ్చా?”

“నాకూ రాదు.” తంక్రేది రొట్టె వంక చూశాడు. “మన ఇంటావంటా ఎవడికొచ్చింది కనక. వస్తే ఇంతదాకా వచ్చేదా.”

చదవగలిగినవాడికి ఎవడికైనా చూపిద్దామంటే ప్రమాణం ఉంది, చెయ్యి ఉంది. చదివిపెట్టినవాడు రెండో రోజుకే ఆగపీతో మనిషికి అమ్మేస్తాడు కూడా. తంక్రేదికి ముగ్గురు పిల్లలు. ఆ నేల పోతే వాళ్లకి మిగిలేది కింద చిత్తడి నేలల్లో కూలి. అక్కడ కూలికి వెళ్లినవాళ్లు రెండు కోతలు చూస్తారు, మూడోది చూడరు. ఈ మాట ఇద్దరిలో ఎవరూ పైకి అనలేదు. సాయంత్రం రమ్మని తమ్ముణ్ణి పంపించి వెనాంజియో లోపలికి వెళ్లాడు.

ఆ రోజంతా సుత్తి వేస్తూనే ఆలోచించాడు. పత్రాలు బుట్టల్లో వస్తాయి. వచ్చిన వరసలో వెయ్యాలని నియమం. రోజుకు అరవై, మహా అయితే డెబ్బై వెయ్యగలరు. పోపుగారి జ్వరం మొదలైనప్పటినుంచి రోజుకు నూరు వస్తున్నాయి. మూల పేర్చిన బుట్టలు నడుమెత్తుకొచ్చాయి. పని మొత్తం ఆపేస్తే గంటలో తెలిసిపోతుంది, సాయంత్రం లెక్క గుమస్తా వచ్చి ముద్ర పడినవి తలలు లెక్కపెట్టుకుని వెళ్తాడు. కానీ అతనికి కావాల్సింది సంఖ్య ఒక్కటే, ఏవి పడ్డాయో పట్టించుకోడు. అంటే కొన్నిటిని అడుగుకు తోసి కొన్నిటిని పైకి తీసుకోవచ్చు. పోపుగారు ఈ వారం దాటరని వంటవాళ్లు కూడా అంటున్నారు. మన పత్రం అడుగున ఉండిపోతే చాలు. ఆ ఘడియకి అడుగున ఉంటే చాలు.

ఏవి అడుగుకు తొయ్యాలన్నదే ప్రశ్న. చదువు రానివాడికి పత్రాలన్నీ ఒకటే, ఒక్క దారం తప్ప. కొన్నిటికి ఎరుపు, పసుపు కలిపి పేనిన పట్టుదారం. కొన్నిటికి జనపనార పురికొస. దారం రాతగాళ్ల దగ్గరే ఎక్కించి పంపుతారు, సీసపు గదికి అందులో మాట లేదు. దయతో ఇచ్చే వరాలకి పట్టు, తీర్పులకీ ఆజ్ఞలకీ పురికొస అని ఇరవై రెండేళ్లలో చెవిన పడింది. వాణ్ణి వెళ్లగొట్టండి, వీడిచేత కట్టించండి అనే పత్రాలన్నీ పురికొసవే.

మధ్యాహ్నం రొట్టె తింటున్నప్పుడు గ్వాల్తియేరోని అడిగాడు. ఒకణ్ణి వాడి నేలలోంచి గెంటెయ్యమని రాస్తే దానికి ఏం దారం కడతారన్నా అని.

“గెంటడానికి పట్టెందుకురా? పురికొసే. ఉరి తియ్యడానికి ఎవడన్నా పట్టుతాడు కొంటాడా?” అని గ్వాల్తియేరో తన మాటకి తనే నవ్వుకున్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి అతని మొహంలోకి చూశాడు గానీ, ఎందుకని అడగలేదు. ఆ రోజు రెండు చెవులూ వినపడలేదు అతనికి.

సోమవారం మధ్యాహ్నం నుంచే వెనాంజియో పురికొస పత్రాల్ని ఏరి అడుగు బుట్టలో వెయ్యడం మొదలుపెట్టాడు. పట్టువి పైకి. మంగళవారం అంతా పట్టే. సాయంత్రం తమ్ముడితో, మనది నా చేతిలోనే ఉంది, పడనివ్వను అని చెప్పాడు. తంక్రేది అన్న చేతుల్ని పట్టుకుని చూశాడు. సీసం చిట్లి కాలిన మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి. చిన్నప్పుడు నా బదులు నువ్వే దెబ్బలు తినేవాడివన్నాడు.

పురికొస పత్రాలు వాళ్ల ఒక్కరివే కావు కదా. ఓర్తె ఊరి నుంచి వచ్చిన మెంగార్ద అనే వితంతువు నెలరోజులుగా ఆ మెట్లమీదే ఉంటోంది. మరుదులు ఇల్లు లాక్కున్నారని నాలుగేళ్లు వ్యాజ్యమాడి గెలిచింది. తీర్పు రాశారు. ముద్ర పడితే తీసుకుపోవాలి. గెలిచిన తీర్పు కాబట్టి పురికొసే. బుధవారం పొద్దున వెనాంజియో మెట్లెక్కుతుంటే ఆమె లేచి నిలబడింది.

“అయ్యా, నా వరస ఇవాళ వస్తుందన్నారు. పైన ఆయన బాగున్నారంటారా?”

ఆయన అంటే పోపుగారు. బాగానే ఉన్నారన్నాడు వెనాంజియో. మధ్యాహ్నం ఆమెకు రొట్టె, రెండు అంజూరపళ్లు పంపించాడు. ఆమె తిని, చేతులెత్తి దండం పెట్టిందని పంపినవాడు వచ్చి చెప్పాడు. ఆమె పత్రం అడుగు బుట్టలో ఎక్కడో ఉంది. ఉన్నది ఉన్నట్టు వరసలో వేసుకుంటూ పోతే ఆ పూటకి ఆమె చేతికి వచ్చేసేదే. ఒక్కసారి బుట్ట దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమెది తీద్దామంటే ఏది ఆమెదో తెలియదు, ఏది ఆగపీతోదో తెలియదు. రెండూ పురికొసే. చెయ్యి వెనక్కి తీసుకుని సుత్తి అందుకున్నాడు.

ఆ సాయంత్రం లెక్క గుమస్తా ముద్ర పడిన కట్టల్ని లెక్కపెడుతూ, రెండు రోజులుగా అన్నీ పట్టువే వస్తున్నాయేంటయ్యా అన్నాడు. ఈ వేడికి పురికొస పీచు లేస్తోందండి, సీసం పట్టట్లేదు, కాస్త తడి తగలనిచ్చి వేద్దామని ఉంచానన్నాడు వెనాంజియో. పుట్టిన తర్వాత అతనాడిన అబద్ధాల్లో ఇంత నున్నగా వచ్చింది ఇంకోటి లేదు. గుమస్తా నమ్మాడు. ఈ గడ్డపాయనకి అబద్ధమాడే బుర్రెక్కడిదని నమ్మాడు.

గురువారం పొద్దున కొత్త బుట్టలు రెండు వచ్చాయి. రాత్రంతా దీపాలు పెట్టుకుని రాసినట్టున్నారు, సిరా ఇంకా వాసనొస్తోంది. చావు దగ్గరపడ్డప్పుడు అందరికీ వరాలే కావాలి, తీర్పులెవడిక్కావాలి. రెండు బుట్టల్లోనూ ముప్పాతిక పట్టే. వెనాంజియో పురికొసవి ఏరి అడుక్కి వేసి, కొత్త పట్టు పత్రాలు ముందుకు లాక్కున్నాడు. ఇంత ఉత్సాహంగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. చేతిలో పట్టువి ఉన్నంతసేపూ పురికొస జోలికి ఎందుకు పోలేదని ఎవడూ అడగడు మరి. ఒకటి వేసి, ఇంకోటి, ఇంకోటి. గ్వాల్తియేరో బిళ్లలు పొయ్యలేక, “నెమ్మదిరా, పట్టు పారిపోదు” అని గొణిగాడు. మధ్యాహ్న భోజనం గంటకి కొత్త బుట్టల్లో పట్టన్నది మిగల్లేదు. గుమస్తా మనిషి వచ్చి కట్టలు కట్టుకుపోయాడు.

ఎండ వాలకముందే కొండ మీది పెద్ద గంట మోగింది. ఆ గంట పోపుగారు పోయినప్పుడు తప్ప మోగదు. గ్వాల్తియేరోకి అది మాత్రం వినపడింది. టోపీ తీసి మోకాళ్లమీద కూర్చున్నాడు. వెనాంజియో కూడా కూర్చున్నాడు. ప్రార్థనలో పోపుగారి ఆత్మ కోసం అడగాల్సినవి అడిగాడు గానీ, మనసు అడుగు బుట్ట మీదే ఉంది.

పీఠం ఖాళీగా ఉన్నన్నాళ్లు పెత్తనం చేసే కార్డినల్ తరఫున నలుగురు మనుషులొచ్చారు. పేరున్న అచ్చుని దాగలి మీద పెట్టి మూడు దెబ్బలు వేశారు. మొదటి దెబ్బకి నెర్రెలిచ్చింది, మూడో దెబ్బకి రెండు ముక్కలైంది. పేతురు, పౌలు తలలున్న అచ్చుని గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, సంచి మూతికి ముద్ర వేసి పట్టుకుపోయారు. మిగిలిన పత్రాలెన్ని అని అడిగి లెక్కపెట్టారు. నూట నలభై మూడు. నూట నలభై మూడూ పురికొసవే. ఏంటిలా అని ఒకడు అడిగితే గుమస్తా, పురికొస పీచు లేస్తోందట అని తనే జవాబిచ్చాడు. ఆ నూట నలభై మూడింటినీ అడ్డంగా ఒక తాడేసి కట్టి తీసుకుపోయారు. కొత్త పోపుగారొచ్చాక కావలసినవాళ్లు మళ్లీ మొదటినుంచి అర్జీ పెట్టుకోవాలి.

మెట్లమీద మెంగార్దకి ఎవరో చెప్పేశారు. వెనాంజియో బయటికొచ్చేసరికి ఆమె చెప్పుల తాళ్లు బిగించుకుంటోంది.

“మళ్లీ మొదటినుంచా అయ్యా?”

అవునన్నాడు.

“నా దగ్గర ఇంకో నాలుగేళ్లు లేవు,” అంది ఆమె. ఏడవలేదు. అంజూరపళ్లు పంపినందుకు ఇంకోసారి దండం పెట్టి, ఓర్తె దారి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె ఏమైందో వెనాంజియో కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేక కనుక్కోలేదు.

తంక్రేదితో మాత్రం, ఇక ఇంటికి పో, పని అయిపోయింది అని చెప్పాడు. తమ్ముడు అక్కడే వీధిలో అన్నని కౌగిలించుకున్నాడు. మళ్లీ అర్జీ పెడతాడేమో కదా అని ఒక్క అనుమానం వెలిబుచ్చితే, పెట్టనీ, ఈలోపు మనమూ ఒక మంచి వకీలుని చూసుకుందాం, సాక్షుల్ని తెద్దాం అన్నాడు వెనాంజియో. ఇరవై రెండేళ్లలో అతను చేసిన ఒకే ఒక పాపం తమ్ముడి పిల్లల కోసం చేశానని అనుకున్నాడు. పాపం అయినందుకు బరువు లేకపోలేదు. ఫలితం ఉన్నందుకు మొయ్యగలిగాడు.

కొత్త పోపుగారు సెప్టెంబరు ఆఖర్లో వచ్చారు. కొత్త పేరుతో అచ్చు తయారైంది. నవంబరులో పని కాస్త తెరిపిస్తే మఠం పెద్దని అడిగి పదిహేను రోజులు సెలవు తీసుకుని వెనాంజియో ఊరికి బయల్దేరాడు. ఆలివ్ కాయలు దులిపే కాలం. ఆరేళ్లైంది ఆ చెట్లు చూసి.

మార్టిన్ పునీతుడి పండుగ నాటికి చేరాడు. పూజ మొదలైపోయింది, వెనక నిలబడ్డాడు. ముందు వరసలో తంక్రేది, భార్య, పిల్లలు. పూజ ముగియగానే ఆగపీతో జనాన్ని కూర్చోమన్నాడు. లోపల్నుంచి ఒక పత్రం తెచ్చి, విప్పి, లాటిన్‌లో కాస్త చదివి, తర్వాత అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పాడు. కీర్తిశేషులైన పోపుగారు తనమీద ప్రత్యేకమైన దయతో సిల్వియాను గుడిని, దాని నేలను, చెట్లను, నీళ్లను, ఏ కౌలుదారు హక్కూ అడ్డు లేకుండా తన పీఠానికి ప్రసాదించారని. వ్రాతకోతలన్నీ ఊరి పెద్దల దగ్గర నమోదై ఇవాళ్టికి పూర్తయ్యాయని. పత్రం కిందనుంచి సీసం బిళ్ల వేలాడుతూ కొవ్వొత్తి వెలుగులో అటూ ఇటూ ఊగుతోంది. దాన్ని పట్టుకున్న దారం ఎరుపు, పసుపు.

తంక్రేది ముందు పీఠం వంక చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి జనంలో అన్న కోసం వెతికాడు.

గుడి బయట ఆగపీతో చేతులు చాపి ఎదురొచ్చాడు. ముసలితనం వచ్చినా మొహం నిగనిగలాడుతోంది. “నాయనా వెనాంజియో, నువ్వొస్తావని అనుకోలేదు. నీకు కృతజ్ఞత చెప్పాలని ఎన్నాళ్లనుంచో.”

“అది వరం ఎలా అయింది ఫాదర్ గారూ?” అన్నాడు వెనాంజియో. ఇంకేం మాటలు దొరకలేదు. “మావాళ్లని వెళ్లగొట్టే పత్రం కదా. పురికొస ఉండాలి కదా.”

ఆగపీతో నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మీవాళ్లని వెళ్లగొట్టమని అందులో ఎక్కడుంది? మీ పేరే లేదు నాయనా. గుడి నాకిచ్చారు, అంతే. ఇవ్వడం దయ. దయకి పట్టే కడతారు. ఇన్నేళ్లు అక్కడే ఉన్నావు, ఇది తెలీదా?”

 ఆగపీతో వెనాంజియో భుజం మీద చెయ్యేసి, ఊళ్లో నలుగురూ వినేలాగే చెప్పుకుపోయాడు. తన మనిషి సత్రంలో ముందే గొప్పలు చెప్పుకున్నాడు గానీ, రాతగాళ్లు జాప్యం చేసి చేసి పత్రం గురువారం పొద్దుటికి గానీ ముగించలేదట. రోములో తన మనిషి ఆశ వదిలేసుకున్నాడట. ముందున్న బుట్టలే రెండు రోజుల పని, వరసలో వస్తే ఇది శనివారానికి గానీ రాదు, అప్పటికి పోపుగారుంటారా అని. అలాంటిది మధ్యాహ్నానికల్లా ముద్ర పడి చేతికొచ్చేసింది. గంట మోగడానికి ఇంకా రెండు ఘడియలుందనగా.

“మనూరి పత్రమని నీకెలాగో తెలిసి ఉంటుంది, ముందుకు లాగి వేశావు,” అన్నాడు ఆగపీతో. “మీ నాన్న పెంపకం ఊరికే పోలేదు.”

తంక్రేది నాలుగడుగుల దూరంలో నిలబడి అంతా విన్నాడు. ఆగపీతో లోపలికి వెళ్లేదాకా ఆగి అన్న దగ్గరికొచ్చాడు. పెద్దకూతురు చెయ్యి పట్టుకుని ఉంది, ఆమెని తల్లి దగ్గరికి పొమ్మన్నాడు.

“నువ్వే వేశావా?”

“నేనే.”

“గురువారం నాడు.”

“గురువారం పొద్దున. పట్టువన్నీ వేసేశాను రా. పురికొసలో ఉందనుకుని.”

 వెనాంజియో తిట్లు పడటానికి తల వంచుకుని నిలబడ్డాడు.

“నేను రాకుండా ఇంట్లో పడుకున్నా నేల మిగిలేది,” అన్నాడు తంక్రేది. “నువ్వు నీ పని నువ్వు చేసుకున్నా మిగిలేది.”

 వ్యాజ్యం వేద్దామంటే, ముద్ర సరైనదేనా అని మొదట పిలిచి అడిగేది వెనాంజియోనే. సరైనదేనని అతనే చెప్పాలి. ముద్ర వెయ్యకుండా ఉండాల్సింది, వరస తప్పించి వేశాను అని చెప్పాలంటే, ఎవరికోసం ఏం ఆపావు, నూట నలభై మూడు ఎందుకు మిగిలాయి అని అడుగుతారు. చెయ్యి పోయినా పోనీ అని అతను అన్నాడు కూడా. తంక్రేది వద్దన్నాడు. చెయ్యి పోయినంత మాత్రాన నేల రాదన్నాడు.

ఆ వారం ఆలివ్ కాయలు ఆగపీతో కూలీలు దులిపారు. తంక్రేది వలలు మడిచి అమ్మేశాడు. క్రిస్మస్‌కి ముందే సామాను గాడిదమీద వేసుకుని కుటుంబంతో చిత్తడి నేలల్లోకి దిగిపోయాడు. రెండో కోతల నాడు అతని భార్య జ్వరంతో పోయిందని, ఆ తర్వాతి ఏడు పెద్దకూతురు పోయిందని ఊరివాళ్లెవరో రోము వచ్చినప్పుడు చెప్పారు. తంక్రేది తర్వాత అన్నకి కబురు పంపలేదు. అన్న కూడా ఏ మొహం పెట్టుకుని పంపిస్తాడు.

వెనాంజియో సీసపు గదిలోనే ఉన్నాడు. పొమ్మన్నవాడు లేడు. పత్రాల్ని వచ్చిన వరసలో, దారం వంక చూడకుండా వేస్తాడు. గ్వాల్తియేరో పోయాక మఠం నుంచి కొత్తవాడొచ్చాడు, వాడికీ చదువు రాదు. ఒకరోజు వాడు, మీకేమన్నా ఆస్తి ఉండేదా బ్రదర్ గారూ, మన మఠంలో చేరకముందు అని మాటవరసకి అడిగాడు. వెనాంజియో సుత్తి దించి, ఎప్పుడో జవాబు సిద్ధం చేసిపెట్టుకున్నవాడిలా ఏకబిగిన చెప్పాడు. సిల్వియాను పునీతుడి గుడి కింద వాగు ఒడ్డున మూడున్నర రుబ్బియోల కొలత గింజలు చల్లే నేల, అందులో నూట పద్దెనిమిది ఆలివ్ చెట్లు, రెండు అంజూరాలు, వాగు నీళ్లలో వారానికి ఒక పగలు, ఊరి గానుగలో నాలుగో వంతు.